పటం తొలి చూపు

మిట్టమధ్యాహ్నం... ఆషాఢ అమావాస్య... నర్సింహులపేటకు కోసెడు దూరాన ఉన్న దొరగడి మీద కాటుక మబ్బులు కమ్ముకున్నాయి. పట్టపగలే గుడ్లగూబ కూసింది. ఉరుములు గడి గోడలను కుదిపేస్తున్నాయి.

లోపలి చావడిలో, కపాలం ముందు కూర్చుని ఉన్నాడు కంకాళనాథుడు. రజాకార్లు అడవులన్నీ గాలించినా చిక్కని ఒక దళం మనిషిని మంత్రంతో చంపుతానని దొరకు మాటిచ్చి, కాళేశ్వరం అవతలి నుంచి దిగిన క్షుద్రోపాసకుడు. ఆ దళం మనిషి పేరు యాదమ్మ. ప్రయోగానికి ఆమె రూపం కావాలి. ఆ రూపం ఎరిగిన చెయ్యి ఒక్కటే... పటాలు గీసే నకాషీ కులం ఆగయ్యది.

ఆగయ్య ముసలివాడయ్యాడు. తాతల నాటి విద్య అతనిది. కథల పటాల్లో దేవుళ్లను గీసి గీసి విసుగొచ్చి, ఎదుటి మనుషుల ముఖాలు గీయడం మొదలుపెట్టాడు. బయటి కులాలకు నేర్పరాదన్న కట్టుబాటును కాదని, చాకలి ఇంటి పిల్ల యాదమ్మను పక్కన కూర్చోబెట్టుకుని గీతలు దిద్దించాడు. అందుకు నకాషీ వాడ అతన్ని వెలివేసింది. ఆ పిల్లేమో కుంచె వదిలి తుపాకి పట్టింది. ఇప్పుడు అతన్ని వెలివేసిన ఆ వాడనంతా దొర తన గడి దొడ్లో బంధించాడు. బొమ్మ గీయకపోతే అందరినీ తగలబెడతాడట! ఎవరి మీద కోపం తెచ్చుకోవడానికీ ఓపిక లేదు ఆగయ్యకు.

చావడి మూలన గడి పనిమనిషి కట్టమ్మ జుట్టు విరబోసుకుని ఊగిపోతోంది. ఆమె నుదుట రక్తతిలకం దిద్ది, ఎక్కడో అడవిలో ఉన్న యాదమ్మ ప్రాణాన్ని ఆమెతో ముడివేశాడు మాంత్రికుడు. ఆగయ్య పటం మీద చేతులు గీశాడు. కట్టమ్మ నోట యాదమ్మ గొంతు పలికింది.

"బాపూ... చేతులు లేస్తలేవు."

కుంచె ఆగిపోయింది.

"గియ్యి ముసలోడా," అన్నాడు కంకాళనాథుడు. "పటంల శక్తిని కూసుండవెట్టిన. కండ్లు తెరిస్తే దాని పానం తీస్కపోతది."

మెడ గీశాడు. "ఊపిరాడ్తలేదు బాపూ..." అంటూ కట్టమ్మ నేల మీద గిలగిల కొట్టుకుంది. ఆగయ్యకు ఏడుపు కూడా రాలేదు. ఒళ్లంతా అలసటే.

ఇక కళ్లు మిగిలాయి. నకాషీలు కళ్లు చివరనే దిద్దుతారు. ఆ వేళ గీసేవాడు పక్కకు ఒరిగి నిలబడతాడు. పటానికి ఎదురుగా అద్దం పెడతారు తప్ప ప్రాణిని ఉండనివ్వరు. పటంలోకి పిలిచిన శక్తి ఏదైనా, దాని తొలి చూపు ఎదురున్నవాళ్లనే పట్టుకుంటుంది. కంకాళనాథుడికి లేని మంత్రం లేదు, బొమ్మ పని మాత్రం తెలియదు. శక్తి కళ్లు తెరవడం దగ్గర నుంచి చూడాలని, కపాలం ఒళ్లో పెట్టుకుని పటానికి ఎదురుగా జరిగాడు.

"ఇంక నేనేమన్న చెయ్యాల్నా?"

ఆగయ్య కుంచెను నల్లరంగులో ముంచాడు.

"ఏం లేదు. గట్లనే కూసో."

పక్కకు ఒరిగాడు. ఎడమ కన్ను... కుడి కన్ను...

పిడుగు పడింది. పటం చూసింది!

కపాలం ముక్కలైంది. కంకాళనాథుడి కళ్లలో నీలిమంట లేచి ఒంటి లోపలికి పాకింది. చావడి దద్దరిల్లేలా పెట్టిన కేక మధ్యలోనే బొంగురుపోయింది.

"నీకు ఎరుకేనా... ఎందుకు చెప్పలే..."

"గది నేర్చుకునేటోళ్లకు చెప్పే ముచ్చట," అన్నాడు ఆగయ్య గోడకు జారగిలబడి. "నువ్వు నేర్చుకోనీకి రాలే."

మాంత్రికుడు కూర్చున్న చోట గుప్పెడు బూడిద మిగిలింది. గడప అవతల కాచుకుని ఉన్న దొరా, అతని మనుషులూ తలుపులు బార్లా తెరిచి పారిపోయారు. దొడ్లోని జనం బయటపడుతున్న అలికిడి వినిపించింది.

"ఊపిరాడ్తుంది బాపూ," అంది యాదమ్మ గొంతు కట్టమ్మ నోట. మరుక్షణం కట్టమ్మే కళ్లు నులుముకుంటూ, "నేనేడున్ననే?" అని అడిగింది. ముడి విడిపోయింది. పటం మీద ఉన్నది ఇప్పుడు ఒట్టి రంగే.

కానీ ఆ ముఖం అచ్చంగా యాదమ్మదే. ఈ పటం రజాకార్ల చేతికి చిక్కితే ఆమెను గుర్తుపట్టడానికి ఇదొక్కటి చాలు. అంత మంచి బొమ్మ ఆగయ్య జన్మలో గీయలేదు. ఇక ముందు గీసే సత్తువా లేదు.

ఎదురుగా నిలబడి, ఆ ముఖాన్ని తనివితీరా చూసుకున్నాడు. తర్వాత తడిగుడ్డ తీసుకుని ముందు బొమ్మ కళ్లు తుడిచేశాడు.