వేలెడంత తేడా

హాల్లో కోడలు స్టాండుకి బిగించి రోజూ తొక్కే సైకిలు చప్పుడు వినబడకపోయేసరికి అత్తగారికి మెలకువ వచ్చింది. మిగతా ఇళ్ళలో చప్పుడైతే లేస్తారు, ఆ ఇంట్లో చప్పుడు లేకపోతే లేస్తారు. కోడలు ట్రయథ్లాన్ క్రీడాకారిణి. సముద్రంలో ఈది, ఒడ్డుకొచ్చి సైకిలు తొక్కి, అది దిగి పరుగెత్తాలి. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి గానీ తెమలదు. అదే ఆమె వృత్తి.

వంటింట్లో కోడలు మోకాలికి ఐసు సంచీ కట్టుకుని కూర్చుంది. ఎదురుగా భర్త చల్లారిన టీ తాగుతున్నాడు.

"అత్తయ్యా, ఇక మానేస్తున్నాను. నెలరోజులుగా ఇదే నొప్పి. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. ఏమీ లేకుండా నొస్తోందంటే వయసే కదా! మధ్యాహ్నం కోచ్‌కి ఫోన్ చేసి చెప్పేస్తాను."

"బాగా ఆలోచించుకున్నావా?" అన్నాడు భర్త.

"పాతికేళ్ళ పిల్లలతో నేనెక్కడ? అయిపోయింది, వదిలేయండి."

అబద్ధమెందుకు, అత్తగారి మనసు గంతేసింది. ఏడాదిలో సగం రోజులు కోడలు పోటీలంటూ ఎక్కడో ఉంటే, మనవరాలి జడలూ బడీ జ్వరాలూ అన్నీ ఆవిడవే. అమ్మ ఎప్పుడొస్తుందని ఆ పిల్ల అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి చెప్పి ఆవిడకు విసుగొచ్చింది.

కొడుకు ఆఫీసుకు వెళ్ళాక, ఇంక పనిలేని సైకిలేగా అని అత్తగారు దాన్ని మెట్లకింద పెట్టబోయింది. సీటు దించితే గానీ అది అక్కడ పట్టదు. మర వదులు చెయ్యబోయి ఆగిపోయింది.

పోయిన నెల చుట్టాలొచ్చినప్పుడూ ఇలాగే దించింది. అప్పుడు కోడలు ఈత శిక్షణకని వేరే ఊళ్ళో ఉంది. వాళ్ళు వెళ్ళాక సీటును కంటి అంచనాతో పైకి లేపి బిగించింది. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని చూస్తే, కడ్డీ మీద కోడలు సీటు ఎత్తుకి గుర్తుగా పెట్టుకున్న గీత పైన కనిపిస్తోంది. కిందనున్న బిగింపు పట్టీకీ దానికీ మధ్య వేలు అడ్డంగా పెట్టి చూసింది. సీటు సరిగ్గా వేలెడు మందం ఎత్తెక్కువైంది. కోడలి నొప్పీ అప్పటినుంచే.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇక్కడ నోరు మూసుకుంటే చాలు, ఇల్లు మంచిదైపోతుంది. ఆవిడ సోఫాలో చాలాసేపు కూర్చుంది. లోపల కోడలు ఫోన్ తీసుకున్న అలికిడి వినగానే లేచింది.

"అమ్మాయ్, ఫోన్ పెట్టెయ్. ఒకసారి ఇలా రా."

చెప్పింది. కోడలు టేపు తెచ్చి కొలిచింది. ఆ ముఖం ఎర్రబడింది.

"నేనేదో సరుకుల బండి తొక్కుతున్నాననుకున్నారా? ఈ కాస్త తేడా చాలు, మోకాలు పాడవడానికి. శిక్షణ నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచి నా కాలినే తిట్టుకుంటున్నాను! రాత్రుళ్ళు ఎంత ఏడ్చానో మీకు తెలుసా?"

"తెలీదే తల్లీ. తెలిసి చేశానా?"

"చెప్పకుండా ఊరుకుంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదుగా. నేను మానేస్తే మీకే హాయి. మరెందుకు చెప్పారు?"

"ఊరుకుందామనే అనుకున్నాను," అంది అత్తగారు. "నీ అంతట నువ్వు మానితే పండగ చేసుకునేదాన్ని. నా చేత్తో మాన్పించి, రోజూ నీకెదురుగా కూర్చుని ముద్ద మింగగలనా?"

కోడలు సైకిలు హ్యాండిల్ మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. "ముసలిదాన్నయిపోయాననుకున్నాను అత్తయ్యా."

"నువ్వు ముసలిదానివైతే నేనేమవ్వాలే?" అంటూ అత్తగారు వీపు నిమిరింది. ఇద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది.

కాసేపటికి కోడలు కళ్ళు తుడుచుకుంది. "ఎల్లకాలం చెయ్యలేనని నాకూ తెలుసు. మానే రోజు మీకే ముందు చెప్తాను. ఈసారి పోటీకి మీరూ, పిల్లా రండి."

"నేనా? నువ్వలా పడుతూ లేస్తూ పరిగెడుతుంటే చూడలేనమ్మా. ఏడ్చేస్తాను."

"ఏడవండి. దారి పొడుగునా చప్పట్లు కొట్టేవాళ్ళు బోలెడంతమంది. నాకోసం ఏడ్చేవాళ్ళే ఇన్నాళ్ళూ ఒక్కరూ లేరు."