క్లెయిమ్ ఫారంలో రాయని చోటు

"ఇయ్యాల ఎవలన్న వారంటీ వద్దని లొల్లి పెట్టుకుంటె ఎట్ల బిడ్డా?"

సంధ్యారాణి ఇంకా చెప్పులైనా వేసుకోలేదు. మబ్బు పట్టింది కానీ చినుకు పడలేదు. లోకంలో ఎవరూ ఎవరితోనూ గొడవ పడలేదు. అయినా తల్లి జమున గుమ్మంలో నిలబడి ఆ మాట అననే అన్నది.

"వద్దంటే బిల్లు కొట్టి పంపిస్తనమ్మా. గంతే."

"పంపిస్తే మీ సారు ఊకుంటడా? టార్గెట్ అంటడు గద. నౌకరి తీసేస్తే?"

"తీసేసినప్పుడు సూద్దాం."

"అప్పుడు సూసేదేముంటది," అంటూ జమున బిడ్డ వెనుకే వీధి చివరిదాకా వచ్చింది.

ఆమెను తప్పు పట్టడానికి లేదు. ఏడేళ్ల కిందట ఒక పొద్దున ఆమె ఏ భయమూ లేకుండా టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చింది. ఆ మధ్యాహ్నమే గనిలో పైకప్పు కూలి భర్త గట్టయ్య స్ట్రెచర్ మీద పైకి వచ్చాడు. తను భయపడటం మరిచిన ఆ ఒక్క పూటే అట్లా జరిగిందని జమున నమ్మకం. అప్పటినుంచి ఏ పూటా మరవలేదు. తండ్రి ఉద్యోగం బిడ్డకు ఇస్తామని కంపెనీ వాళ్లు పిలిస్తే, ఆ గేటు లోపల మా ఇంటి మనిషి ఇంక కాలు పెట్టదని చెప్పి వచ్చింది.

అందుకే సంధ్యారాణి గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఒక ఫోన్ల షోరూంలో చేరింది. బిల్లు కౌంటర్ పక్కన ఆమె కుర్చీ. ఫోను కొన్నవాళ్లకు ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మడం ఆమె పని. కింద పడితే ఎట్లా, లోపల బోర్డు పోతే ఎట్లా, రేపు రిపేరుకు ఎంతవుతుందో ఏమో అని మెల్లగా భయపెట్టాలి. ఆ విద్య ఆమెకు ఇంట్లోనే వచ్చింది. నెలనెలా అందరికంటే ఎక్కువ ఆమే అమ్మేది.

ఆ రోజు మధ్యాహ్నం ఒక అబ్బాయి వచ్చాడు. ఇరవై ఆరేళ్లుంటాయి. పేరు ఉపేందర్. ఎంత కడిగినా పోని బొగ్గు కళ్ల అంచుల్లో కాటుకలా మిగిలి ఉంది.

"సార్, ఇంకొక ఏడాదికి వారంటీ తీసుకోండి. రేపు ఫోనుకు ఏమన్నయితే మీకే పరేషాన్."

"మేడం, నేను అండర్‌గ్రౌండ్ల చేస్త. రేపటికి నాకే గ్యారంటీ లేదు. ఫోనుకెందుకు?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. కీబోర్డు మీద చేయి అట్లాగే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే దూరంగా ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం బ్లాస్టింగ్ జరిగి, షోరూం అద్దాలన్నీ ఒక్కసారి సన్నగా గలగలమన్నాయి.

"గసొంటి మాటలు అనకుండ్రి," అంది.

"ఎందుకు, షాపు రూలా?"

"మా నాయిన గట్లనే అనేటోడు."

అనేటోడు అన్న మాట అతనికి అర్థమైంది. నవ్వు జారిపోయింది. కాసేపు ఫోను డబ్బాను అటూ ఇటూ తిప్పి, "సరే, రాయిండ్రి గా వారంటీ," అన్నాడు.

"జాలిపడి కొనకుండ్రి."

"జాలి కాదు. కాగితాలు నింపేదాక ఈడ కూసోవచ్చు గద."

సంధ్యారాణి మేనేజర్ వేణుమాధవ్ గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నిజం చెప్పాల్నా? మొదటి ఏడాది ఫోను కంపెనోళ్లే చూసుకుంటరు. రెండో ఏడాదికి గీ పైసలు. బ్యాటరీ తగ్గితే ఇయ్యరు. వానల తడిస్తే ఇయ్యరు. నేను అమ్మినోళ్లల్ల మల్ల వచ్చి పైసలు తీసుకపోయినోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గా పైసలు ఇంట్ల దాసుకుంటే, ఫోను ఖరాబైన నాడు రిపేరుకొస్తయి."

"మరి అందరికి ఎందుకు అమ్ముతున్నవ్?"

"నౌకరి."

"నాకెందుకు చెప్పినవ్?"

ఆమె కీబోర్డు వైపు తిరిగి బిల్లు కొట్టసాగింది. అతను మాత్రం వారంటీ తీసుకొనే వెళ్లాడు.

ఆ తరువాత అతనికి షోరూంలో పనులు చాలా పడ్డాయి. ఒకనాడు అద్దానికి గార్డు, ఒకనాడు కవరు. కవరు రంగు నచ్చలేదని ఇంకోనాడు. ఛార్జర్ ఎటు వైపు గుచ్చాలని అడగడానికి వచ్చిననాడు కౌంటర్ పిల్లలంతా మొహాలు తిప్పుకొని నవ్వారు. తరువాత అతను లోపలికి రావడం మాని, మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి బస్టాపు దగ్గర నిలబడేవాడు.

"మా అమ్మ గని పిలగానికి ఇయ్యదు," అని ఆమె ముందే చెప్పింది. తరువాత ఏడవడం కంటే ముందు చెప్పడం నయం కదా.

"గని పిలగాన్నని నా మొకం మీద రాసున్నదా?"

"కండ్లల్ల రాసున్నది."

"రేపటిసంది నల్ల అద్దాలు పెట్టుకుంట."

నవ్వేది. ఇంటికి పోయేలోపు ఆ నవ్వు తుడుచుకునేది.

శ్రావణంలో ఒక బుధవారం సాయంత్రం వాన దంచికొట్టింది. బస్టాపు రేకుల కింద జనం కిక్కిరిశారు. ఉన్న కాస్త చోటులో ఆమెను నిలబెట్టి అతను బయట నిలబడ్డాడు. ఆమె ఎక్కాల్సిన యైటింక్లయిన్ కాలనీ బస్సు వచ్చింది. ఆమె ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది. అదీ ఎక్కలేదు.

"జేబుల ఫోను తడుస్తున్నది," అంది.

"వారంటీ ఉన్నది గద."

"వానకు ఇయ్యరని చెప్పిన గద."

"నువ్వు చెప్పినవ్. నేను వినలే. నీ మొకం సూస్తున్న." వాన నీళ్లు తుడుచుకొని అతను కొంచెం దగ్గరికి వచ్చాడు. "సంధ్యా, మీ అమ్మను అడగన్నా?"

ఆమె రోడ్డు వైపు చూసింది. మూడో బస్సు వస్తే ఎక్కేసింది.

మరునాటికి ఫోను చచ్చిపోయింది. అతను దాన్ని కౌంటర్ మీద పెట్టి దోషిలా నిలబడ్డాడు. తన వల్లే కదా తడిసింది అని సంధ్యారాణి తనే క్లెయిమ్ ఫారం తీసింది. పేరు రాసింది, ఉద్యోగం రాసింది, గని చిరునామా రాసింది. 'ఎక్కడ, ఎట్లా పాడైంది' అన్న గడి దగ్గర కలం ఆగింది.

బస్టాపులో వానకు అంటే అజాగ్రత్త అని కొట్టేస్తారు. వానలో ఎందుకు నిలబడ్డావు, పక్కన ఎవరున్నారు అని అడిగినా అడుగుతారు. ఆ సాయంత్రాన్ని కాగితం మీద పెట్టడానికి ఆమెకు భయమేసింది. పని చేసే చోట ప్రమాదం జరిగితే మాత్రం మొదటి ఏడాదిలో కూడా ఇస్తారని షరతుల్లో ఉంది. ఎండాకాలంలో కూడా తండ్రి ఒళ్లంతా తడిసి వచ్చేవాడు. గనిలో పైనుంచి నీళ్లు కారతాయని చెప్పేవాడు. అది గుర్తుకొచ్చి, 'డ్యూటీలో ఉండగా గని పైకప్పు నుంచి నీరు కారి తడిసినది' అని రాసింది.

"సదువుకోని సంతకం పెట్టు."

"నువ్వు రాసినంక సదువుడెందుకు," అని అతను చూపు ఆమె మీద ఉంచే సంతకం గీకాడు.

గని బిడ్డ, గని పిలగాడు. ఇద్దరిలో ఒక్కరికైనా ఆ క్షణం తట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం బజారులో ఫోన్లు బాగుచేసే దస్తగిర్ భాయ్ ఆ ఫోను విప్పి, ఆరబెట్టి, బ్రష్‌తో తుడిచి గంటలో నడిపించాడు. "నూటయాభై ఇయ్యి బేటా. నా దుకాణంల ఫారాలు లెవ్వు, బ్రష్ ఉన్నది," అన్నాడు.

ఫోను బాగైంది. కాగితం మాత్రం ఆగలేదు. అది వారంటీ కంపెనీకి పోయింది. నిజమో కాదో కనుక్కుందామని వాళ్లు గని ఆఫీసుకు ఉత్తరం రాశారు.

ఉపేందర్ బస్టాపుకు రావడం మానేశాడు. అయిదో రోజు ఒక పెద్దమనిషి షోరూంకు వచ్చాడు. ఉపేందర్‌తో ఒకే షిఫ్టులో పని చేసే సదయ్య.

"బిడ్డా, గా ఫారం ఎవలు నింపిండ్రు?"

"ఏమైంది కాకా?"

"చార్జిషీటు ఇచ్చిండ్రు. గనిలకు ఫోను తీసుకపోయినవని. లోపట గ్యాసుంటది. అగ్గిపెట్టె, బీడీ, ఫోను, ఏదీ పోవద్దు. ఒక్క రవ్వ లేస్తే షిఫ్టు షిఫ్టంత పోతది. తీసుకపోలేదని వాడంటడు. మరి నీ సంతకంతోనే ఉన్నది గద అని వాళ్లంటరు. నౌకరిల చేరి వానికి ఇంక ఏడాది నిండలే. తీసేస్తే అడిగేటోడు లేడు. రేపే ఎంక్వైరీ."

ఒక్క బీడీ కోసం గని గేటు దగ్గర తండ్రి జేబు మడతలు కూడా వెతికేవారని సంధ్యారాణికి తెలుసు. బీడీ తెలుసు, అగ్గిపెట్టె తెలుసు. తండ్రికి ఫోను ఉండేది కాదు. ఆ ఒక్కటీ తట్టలేదు.

"నేనే రాసిన అంటున్నడు," సదయ్య అన్నాడు. "వాని రాత నాకు తెల్వదా. కోడి గీకినట్టుంటది. గది ముత్యాల్లెక్క ఉన్నది."

ఆమె ఫోను చేస్తే ఉపేందర్ రెండు మాటలే అన్నాడు. "నువ్వు రాకు. నీ నౌకరి పోతది, మీ అమ్మకు తెలుస్తది."

"నీ నౌకరో?"

"బతికుంటే ఇంకోటి దొరుకుతది," అని పెట్టేశాడు.

ఆ సాయంత్రమే ఆమె వేణుమాధవ్ గదిలోకి పోయి, క్లెయిమ్‌లో అబద్ధం రాశానని చెప్పింది. అతను అరవలేదు. రేపటినుంచి రావద్దన్నాడు. ఇంటికి వచ్చి బియ్యం ఏరుతున్న తల్లి ముందు కూర్చుంది.

"అమ్మా, రేపు నేను గని ఆఫీసుకు పోవాలె. ఒక కేసుల సాక్ష్యం చెప్పాలె."

వంద ప్రశ్నలకు సిద్ధపడి తల వంచుకుంది. తల్లి చేట పక్కన పెట్టింది.

"నేను సుత వస్త," అన్నది జమున. ఇంకేమీ అడగలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

గని గేటు దగ్గర జమున ఒక్క నిమిషం ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి అడుగు వేసింది.

ఎంక్వైరీ గదిలో పొడవాటి బల్ల. ఒక పక్క అధికారి, మాటలు రాసుకునే గుమాస్తా. ఇంకో పక్క ఉపేందర్, సదయ్య. జమున తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది. కిటికీ బయట సన్నటి తుంపర, దాని వెనుక నల్లగా బొగ్గు కుప్ప.

"ఈ ఫారం రాసింది మీరేనా?" అధికారి అడిగాడు.

"నేనే సార్. అబద్ధం రాసిన. ఆ ఫోను గనిలకు పోలేదు. షిఫ్టు దిగినంక బస్టాపు కాడ వానకు తడిసింది."

"మీకెట్ల తెలుసు?"

"పక్కన నేనున్న సార్."

గుమాస్తా కలం ఆగింది. "సంధ్యా, ఊకో," అన్నాడు ఉపేందర్ తల ఎత్తకుండానే.

"ఎందుకూకోవాలె? నువ్వు తడిసింది నా కోసమే గద."

అధికారి చెడ్డవాడు కాదు. కళ్లద్దాలు తీసి తుడుచుకొని మెల్లగానే అన్నాడు. "అమ్మా, మీరు ఇతని కోసం ఒకసారి అబద్ధం రాశారు. ఆ చెయ్యే ఇప్పుడు నిజం చెప్తుందని నేనెట్లా నమ్మాలి? మీరిద్దరూ కాకుండా అక్కడ చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

సంధ్యారాణి ఆ సాయంత్రపు మొహాలను వెతుక్కుంది. ఆ రేకుల కింద ఎంత మంది ఉన్నారని. ఎవరి ఊరు ఏదో, ఎవరి పేరు ఏమిటో. ఎవరి బస్సు వాళ్లు ఎక్కి వెళ్లిపోయారు. సదయ్య గోడ వైపు చూస్తున్నాడు. ఉపేందర్ తన అరచేతుల్లోకి చూసుకుంటున్నాడు.

"ఎవరూ లేరా?"

షిఫ్టు సైరన్ మోగింది. బయట ఒక గుంపు గనిలోకి దిగిపోయింది, ఇంకో గుంపు పైకి వచ్చింది. ఆ అడుగుల చప్పుడు ఆగిపోయింది. అధికారి ఫైలు మూయబోయాడు.

తలుపు దగ్గర కుర్చీ కదిలింది.

"నేను చూసిన సారూ," అన్నది జమున. "బిడ్డ ఇంక రాలేదని పానం ఆగక, గొడుగు పట్టుకొని ఆటోల పోయిన. రోడ్డుకు అవుతల నిలవడ్డ. గీ పిలగాడు నా బిడ్డను నీడకు నిలవెట్టి తను వానల ఉన్నడు. అంగి జేబుల ఫోను వెలుగుతనే ఉన్నది. పిలుద్దామనుకున్న. గని పిలగాడని ఎరుకే. బిడ్డ నవ్వుతున్నది సారూ. వాళ్ల నాయిన పోయినంక గట్ల నవ్వంగ సూడలే. అందుకనే పిలువకుంట ఇంటికి మల్లి వచ్చిన. తనే చెప్తదని ఇన్ని దినాలు సూస్తున్న. నా పేరు జమున. రాసుకోండ్రి."