ఉదయగిరి బస్సులో పచ్చ తువ్వాలు

ఆత్మకూరు బస్టాండు ఎదుట టీ కొట్టులో కూర్చుని దయాసాగర్ లాప్‌టాప్‌లో సైన్స్ వార్తలు చదువుతున్నాడు. ఏదో కృష్ణబిలం మరేదో నక్షత్రాన్ని మింగిందట. చదివిన వాక్యాన్నే మళ్లీ మళ్లీ చదువుతూ బల్ల కింద కాలు ఊపుతున్నాడు. కుదురుగా కూర్చోవడం ఆ కుర్రాడి జాతకంలో లేదు.

ఫోన్ మోగింది. తెర మీద పేరు: గైడ్.

"నీ థీసిస్‌లో మూడో చాప్టర్ పోయింది" అంది అవతలి గొంతు.

దయాసాగర్ కాలు ఆగిపోయింది.

లోకం దృష్టిలో అతను కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి. వీపున బ్యాగు, వారానికో ఊరు. అడిగితే 'ఫీల్డ్ వర్క్' అంటాడు. నిజానికి అతను కేంద్ర రహస్య విభాగం ఏజెంట్. గైడ్ అంటే చీఫ్ జోసెఫ్. మూడో చాప్టర్ అంటే సోమశిల డ్యామ్ కింద ఏటి పొడుగునా ఉన్న సైరన్లను మోగించే డాంగిల్. పెన్‌డ్రైవ్‌లా వేలెడంత ఉంటుంది. గేట్లు ఎత్తే ముందు దాన్ని మెషీన్‌కు తగిలిస్తే తప్ప ఒక్క సైరనూ నోరు విప్పదు. ఆ ప్రోగ్రాం రాసింది దయాసాగరే.

"ఎవరు సార్?"

"గోపిక."

గోపిక సైన్స్ న్యూస్ చానల్ నడుపుతుంది. ఆవిడ రాకెట్ గురించి చెబుతుంటే రాకెట్‌ను చూసినవాడు ఒక్కడూ ఉండడు. విభాగానికి రహస్యంగా పనిచేస్తుంది కూడా. సముద్రం అవతలి ముఠాకీ అంతే రహస్యంగా పనిచేస్తోందని ఇప్పుడు తేలింది. ఇంటర్వ్యూ పేరుతో డ్యామ్ కంట్రోల్ రూమ్‌లోకి వెళ్లి డాంగిల్ కొట్టేసింది.

"పైనుంచి వరద వస్తోంది. నాలుగింటికి గేట్లు ఎత్తక తప్పదు. పోలీసు జీపుల్ని ఏటికి పంపాం. కానీ అంత పొడుగు ఏరు ఎప్పటికి తిరుగుతాయి?" అన్నాడు చీఫ్.

"ముఠాకు ఏం లాభం సార్?"

"ఇది వాళ్లకు ట్రయల్. ఇక్కడ సైరన్ల నోరు నొక్కితే, ఆ విద్య ఎక్కడైనా అమ్ముకుంటారు. డాంగిల్ చేతులు మారేది ఉదయగిరి బస్సులో. కిటికీ పక్క సీటు మీద పచ్చ తువ్వాలు ఉంటుంది. అదే గుర్తు. గోపిక మారువేషంలో వచ్చి ఆ సీటు కింద పెడుతుంది. ఆ తువ్వాలు వేసినవాడు తీసుకుంటాడు. నువ్వు కండక్టర్‌వి. అసలు కండక్టర్‌ను ఇంటికి పంపేశాం. నీకిచ్చే టికెట్ మెషీన్‌లో డాంగిల్ పట్టే పోర్టు పెట్టించాను. దొరికిన చోటే తగిలించు."

ఖాకీ చొక్కా తొడుక్కుంటూనే దయాసాగర్ తండ్రి హెన్రీకి ఫోన్ చేశాడు.

"నాయనా, యాడుండావు?"

"యాడుంటాను? ఏట్లో మేకలు మేపుకుంటా ఉండా" అన్నాడు హెన్రీ.

"గట్టెక్కేయ్ నాయనా. నీళ్లు వదలతారంట."

"సైరన్ మోగలేదు గదరా."

"మోగకపోయినా ఎక్కు నాయనా!"

"ఏందిరా ఇది? సైరన్ మోగితే లేచి రా, వాళ్లూ వీళ్లూ చెప్పినారని ఊరికే బెదరబాక అన్నది నువ్వే గదా. నా కొడుకు చేసిన సైరన్ అని ఏట్లో అందరికీ చెప్పుకున్నా. అందరం దాని మీదనే భరోసా పెట్టుకోనుండాం. అది సరే గానీ, నీ చదువు ఎప్పటికైపోతాదిరా?"

మేక ఏదో అరిచింది. ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నాయన తన మాట కంటే తన సైరన్‌నే ఎక్కువ నమ్ముతున్నాడు.

ఉదయగిరి బస్సు స్టాండులోకి మలుపు తిరిగింది. ఇంకా ఆగనైనా ఆగలేదు, జనం దాని వెంట పరుగు తీశారు. కిటికీల్లోంచి తువ్వాళ్లు లోపలికి ఎగిరాయి. చేతిరుమాళ్లు, సంచులు, టిఫిన్ క్యారియరు, ఒక చంటిపిల్లాడి టోపీ కూడా ఎగిరాయి. చూస్తుండగానే సీటుకో గుడ్డ పడింది. అందులో సగం పచ్చవే.

దయాసాగర్‌కు ఆ ఆదుర్దాలోనూ నవ్వొచ్చింది. ఉపగ్రహాల్లోంచి మన దేశం అంగుళం అంగుళం చూసిన ముఠా మహామేధావులు, ఆత్మకూరు బస్టాండులో సీటు ఎలా పట్టుకుంటారో మాత్రం చూడలేదు!

కోట చూడ్డానికి వచ్చానంటున్న ఓ తెల్లదొర వెనక తలుపు దగ్గర నిలబడి బిక్కమొహం వేశాడు. అతను వేసిన పచ్చ తువ్వాలును ఓబమ్మ అనే పెద్దావిడ మడిచి అతని చేతిలో పెట్టి, ఆ సీట్లో దర్జాగా కూర్చుంది.

"గుడ్డేసి బయట నిలబడితే సీటు నీదైపోద్దా? మనిషి కూర్చోవాల!"

దొరకు ముక్క అర్థం కాలేదు. ముఠా మనిషి ఇతనే అని దయాసాగర్‌కు అర్థమైంది. మరి గోపిక ఎక్కడ? బస్సు నిండా ఆడవాళ్లే. కూలికి పోయొస్తున్నవాళ్లు, టీచరమ్మలు, కాలేజీ పిల్లలు. ఏ మొహమని చూస్తాడు? బస్టాండు గోడ గడియారం నాలుగుకు దగ్గర పడుతోంది. చెమటలు కారుతుంటే టికెట్లు కొట్టుకుంటూ ఓబమ్మ సీటు దాకా వచ్చాడు. ఆవిడ పక్కన నెరిసిన జుట్టు, నేత చీర, మందపాటి కళ్లజోడు, ఒళ్లో వక్కాకు తిత్తితో ఓ ముసలావిడ ఒదిగి కూర్చుని ఉంది. ప్రతి పచ్చ తువ్వాలునూ మార్చి మార్చి చూస్తోంది.

"ఉదయగిరికి ఒకటి" అంటూ ఆవిడ నోటు చాపింది.

ఓబమ్మ ఊరుకుంటుందా? "అయ్యో, ఆడోళ్లకు ఫ్రీ గదా! డబ్బులిస్తావేంది? ఆధార్ కార్డు చూపీ."

"పర్లేదులే, టికెట్టే కొట్టమను."

"ఎందుకు కొట్టాల? ఊరికే పోయేదానికి డబ్బులు పారేస్తావా?"

"కార్డు చూపీ అవ్వా, సిగ్గెందుకు?" అంది వెనక సీటు టీచరమ్మ.

"కార్డు తేలేదు."

"తిత్తిలో కనపడతానే ఉండాదే!" ఓబమ్మ చటుక్కున తిత్తిలో చెయ్యి పెట్టి కార్డు లాగి దయాసాగర్‌కు అందించింది. "జీరో టికెట్ కొట్టయ్యా."

దయాసాగర్ కార్డు చూశాడు. చంద్రబింబం లాంటి మొహం. దాని పక్కన పేరు: గోపిక.

ఇద్దరి చూపులూ కలిశాయి. ముసలావిడ ముప్ఫై ఏళ్లు తగ్గిపోయి ఎగిరి లేచింది. పచ్చ తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డ దొర వైపు తిత్తిని విసిరింది. దొర పట్టుకుని తలుపు వైపు దూకాడు.

పాపం, అతనికి ఇంకో సంగతి కూడా తెలియదు. ఆత్మకూరులో జనం బస్సు ఎక్కుతుండగా దిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. బియ్యం మూట ఒకటి అతని పొట్టలో పొడిచింది. "లోపలికి జరగండి! లోపలికి!" అని వెనకనుంచి అంతా కలిసి ఒక్క తోపు తోశారు. దొర గిరగిరా తిరిగి దయాసాగర్ కాళ్ల దగ్గర పడ్డాడు.

దయాసాగర్ తిత్తి లాక్కున్నాడు. తమలపాకులు, వక్కలు, అడుగున డాంగిల్. మెషీన్‌కు తగిలించాడు.

కనెక్టింగ్.

చక్రం తిరుగుతోంది. సిగ్నల్ లేదు. మెషీన్ పట్టుకున్న చేతిని కిటికీలోంచి బయటికి చాచాడు. "తొందరగా, తొందరగా" అని పైకే గొణుగుతున్నాడు. కళ్ల ముందు ఏటి ఇసుక, మేకలు, చెవి రిక్కించి నిలబడ్డ నాయన. ఏడుపొచ్చేస్తోంది. గోడ గడియారం ముల్లు నాలుగు మీదికి జరుగుతోంది.

తెర పచ్చగా మారింది. సైరన్లు ఆన్.

బయట కాపు కాసిన విభాగం వాళ్లు బస్సెక్కి గోపికనూ దొరనూ దింపారు. దిగుతూ ఆవిడ దయాసాగర్ వైపు తిరిగింది.

"నా మేకప్‌లో ఏం తప్పు కనపడింది?"

"ఏం లేదండీ. టికెట్ కొనుంటే నేను పేరు కూడా అడిగేవాణ్ణి కాదు."

"నన్ను కొననిచ్చారా వీళ్లు!" అంది గోపిక ఏడుపు మొహంతో.

ఫోన్ మోగింది. అవతల సైరన్ ఊళ అదిరిపోతోంది. దాని మధ్య నుంచి హెన్రీ ఆయాసపు గొంతు.

"మోగిందిరా అబ్బయా! విన్నెంటనే మేకల్ని తోలుకోని గట్టెక్కినా. ఏట్లో ఉన్నోళ్లంతా ఎక్కేసినారు. అబ్బ, ఏం నీళ్లురా... మా వాడి సైరన్ అని అందరికీ చెప్తా ఉండా."

దయాసాగర్ ఖాకీ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంత చదివినావు. నీకంటూ ఒక ఉద్యోగం ఎప్పుడొస్తాదిరా?"

బస్సులో అంతా అతని వైపే చూస్తున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు. అసలు కండక్టర్ ఇంట్లో హాయిగా నిద్రపోతున్నాడు.

"ఏందయ్యా కండక్టరూ, పోనిచ్చేది ఉండాదా లేదా?" అని కసిరింది ఓబమ్మ.

"వచ్చింది నాయనా, ఈ పూటే చేరినా" అని దయాసాగర్ ఫోన్ జేబులో పెట్టుకుని, ఉదయగిరి దాకా కండక్టర్‌గా పోక గతిలేక, విజిల్ ఊదాడు.