అందరికీ రెండేసి

"అది నోట్లో పెట్టావంటే నీ సీజన్ ఖతం!"

అంటూనే నా చేతిలోని కొలాచ్ లాగేసుకుంది ఆ బేకరీ యజమాని కూతురు. నడుమ ప్లమ్ జామ్ నింపిన వెచ్చటి బన్ను! బయట జోరు వాన. ఆదివారం సాయంత్రం, కాలేజీ మెస్ మూత. నేనేమో కాలేజీ టీమ్‌లో నూట ముప్పై కిలోల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాణ్ణి. జేబులో చిల్లిగవ్వ లేదు.

"మీ నాన్నగారే ఇచ్చారు!" అన్నాను ఉక్రోషంగా.

"మా నాన్న మీ టీమ్‌కి విరాళాలిచ్చే మనిషి. ఆయన దగ్గర ఊరికే తింటే నిన్ను ఆడనివ్వరు. రూల్స్ చదవలేదా మహానుభావా?"

"పిసినారి!" అనేసి, వానలో తడుస్తూ వచ్చేశాను.

తరువాతి ఆదివారం వాళ్ళ నోవోట్నీ బేకరీ అద్దానికి ఓ బోర్డు వేలాడింది. ఆదివారం సాయంత్రాలు కాలేజీ పిల్లలందరికీ తలా రెండు బన్నులు ఉచితం. అందరికీ ఇచ్చేదైతే రూల్ అడ్డు రాదు. సిగ్గు విడిచి వెళ్ళాను. ఆ అమ్మాయి పేరు లుడ్మిలా. క్యూలో అందరినీ నవ్వుతూ పలకరించింది. నాకు మాత్రం రెండు బన్నులిచ్చి, "నెక్స్ట్!" అంది.

ఏడాదిపాటు ఆ నవ్వులందుకున్న వాళ్ళందరినీ చూసి కుళ్ళుకున్నాను.

ఓ ఆదివారం క్యూలో చివరివాణ్ణి నేనే. వాళ్ళ నాన్న పేపర్ విసిరికొట్టాడు. "చదువు ఫ్రీ, గది ఫ్రీ! ఇంకా ఈ ఆటగాళ్ళకి డబ్బులు కూడా కావాలట!"

"టిక్కెట్లు, టీవీ, చొక్కాలు... వీళ్ళ ఆట మీద అందరూ సంపాదిస్తున్నారు నాన్నా. ఈయనకి మాత్రం ఆదివారం పస్తు. ఉద్యోగం చేద్దామంటే ప్రాక్టీసు వదలదు."

"అందుకేగా!" ఆయన నావైపు తిరిగాడు. "ఏమయ్యా వెండెల్, నీ ఒక్కడి పొట్ట కోసం కాలేజీ మొత్తాన్ని మేపుతోంది మా పిల్ల!"

లుడ్మిలా చెవులు ప్లమ్ జామ్ రంగుకి తిరిగాయి.

"నిజమా?" అన్నాను.

"నెక్స్ట్!" అంది. నా వెనక ఎవరూ లేరు.

ఆ జూలైలో రూల్ మారింది. ఆటగాళ్ళు ప్రకటనల్లో కనిపించి డబ్బు తీసుకోవచ్చన్నారు. అందరికంటే ముందు బేకరీ ప్రకటనకి ఒప్పందం కాగితం పట్టుకొచ్చింది వాళ్ళ నాన్నే.

"నాకింకా పూర్తిగా నచ్చలేదనుకో. కానీ మా అద్దం మీద ఇంకొకడి ఫోటో ఉంటే మా పిల్ల ఊరుకోదు."

కొలాచ్ వైపు చెయ్యి చాచాను. లుడ్మిలా పళ్ళెం వెనక్కి లాగింది.

"ముందు సంతకం, తర్వాత తిండి!"

సంతకం పెట్టాను. నా ఒక్కడి కోసమే తీసిన మొదటి కొలాచ్ తన చేత్తో తినిపించింది. ఆ రుచికి నేను జన్మంతా రుణపడ్డాను.

మా పెళ్ళయి మూడు వారాలు. బోర్డు అలాగే ఉంది. నిన్న ఆదివారం, మళ్ళీ వాన. అలవాటు కొద్దీ నేనూ క్యూ చివర నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"నెక్స్ట్!" అంది మా ఆవిడ.

కానీ నా చెయ్యి వదల్లేదు.