రెండు వందల అంకెల తాళం

ఉదయం తొమ్మిదింటికి తాళాలాయనని చంపేశారు. విదేశీ ముఠాకి కంప్యూటర్ తాళాలు చేసిపెట్టేవాడతను. పని పూర్తికాగానే వాళ్లే కాఫీలో విషం కలిపారు. అతని ఆఖరి తాళం పిల్లల ఆసుపత్రి కరెంటు మీద పడింది. పదకొండు కొట్టగానే మెయిన్ లైన్, జనరేటర్ రెండూ ఆగిపోతాయి.

"తాళం అంటే ఒక సంఖ్య. రెండు వందల అంకెలు," ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు. "రెండు ప్రధాన సంఖ్యల్ని గుణించి చేశాడు. ఆ రెండూ కనిపెట్టి కొడితే టైమర్ ఆగుతుంది. మన కత్తెర టూల్ వాడి చూడు."

లిఫ్ట్ మెకానిక్ వేషంలో ఆసుపత్రి కంట్రోల్ రూమ్‌లో దూరిన ఏజెంట్ గోరింక లాప్‌టాప్ తెరిచింది. కత్తెర డిపార్ట్‌మెంట్ వాళ్ల టూల్. దానికి బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్ల తెర మీద దాని పేరు, పక్కన సంఖ్య కొట్టడమే. ముప్పై అయిదు ఇస్తే అయిదు, ఏడు అని విడదీస్తుంది.

సంఖ్య ఇచ్చి ఎంటర్ నొక్కింది. కర్సర్ మిణుకుమంటూ ఉండిపోయింది.

పది నలభై.

"చీఫ్, ఏం రావట్లేదు."

"రాదు. రెండుతో మొదలుపెట్టి ఒక్కోదాంతో భాగించి చూస్తుంది. మన జీవితాలు చాలవు."

"మరెందుకు వాడమన్నారు?"

"ఇంకేం లేదు గనక."

పై అంతస్తులో గాజుపెట్టెలో ఆమె అక్క కూతురు ఉంది. నెలలు నిండకుండా పుట్టి మూడు రోజులైంది. గుప్పెడు ప్రాణం. అలాంటి పెట్టెలు ఇంకో ఇరవై. వాటిని వేరేచోటికి తరలించే వ్యవధి లేదు. కాల్చడానికి ఎదురుగా శత్రువు లేడు. కొరకడానికి గోళ్లు కూడా మిగల్లేదు.

పది యాభై రెండుకి తలుపు తెరుచుకుంది. ఎర్ర సిల్కు గౌను, నల్ల కళ్లద్దాలు. ముత్యం! ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. గోరింక పిస్టల్ ఎత్తింది.

"గొడుగు తెచ్చావా?"

"వాన వెలిశాక తెస్తా," కోడ్ సరిగ్గానే చెప్పింది ముత్యం. "దించమ్మా, చెయ్యి నొప్పెడుతుంది. పసిపిల్లల సంగతి నాకు చెప్పలేదు వాళ్లు."

"ఆ రెండు సంఖ్యలూ తెలుసా?"

"తెలీదు. ఆ తాళాలాయన బద్ధకం తెలుసు. ఒక ప్రధాన సంఖ్య వెతకడానికే వెయ్యి ఆవలింతలు. రెండోదానికి, సరిగ్గా దాని తర్వాత వచ్చేదాన్నే తీసుకునేవాడు. 'ఎవడు చూడొచ్చాడులే' అని."

గోరింక చటుక్కున తెరవైపు తిరిగింది. అయిదు, ఏడు పక్కపక్కవే. వాటి మధ్యలో ఆరు. ముప్పై అయిదు వర్గమూలం ఇంచుమించు అదే! ఇక కిందనుంచి ఎక్కక్కర్లేదు. వర్గమూలం దగ్గర మొదలుపెట్టి నాలుగు మెట్లు దిగితే చాలు.

కత్తెరని ఆపింది. పేరు, సంఖ్య, పక్కన 'వర్గమూలం నుంచి' అని కొత్త ఆదేశం కొట్టింది. తొందరలో ఒక అక్షరం ఎగిరిపోయింది.

'ఆదేశం తప్పు' అంది తెర.

"తల్లీ, నిదానంగా," అంది ముత్యం.

మళ్లీ కొట్టింది. ఈసారి రెప్పపాటులో రెండు సంఖ్యలు పడ్డాయి. టైమర్‌కి అందించేసరికి ట్యూబులైటు ఒక్కసారి ఆరి, వెలిగింది.

ఒక్క సెకను దగ్గర ఆగింది టైమర్.

తలెత్తితే ముత్యం లేదు. ఫోన్ మోగింది. అక్క.

"ఏమే, గంటనుంచి ఎత్తవు? పాప పాలు తాగింది, రెండు చుక్కలు!"

గోరింక నేలమీద చతికిలబడింది. "లెక్క చేస్తున్నానక్కా."

"నువ్వా? పదమూడో ఎక్కం భయానికి బడి ఎగ్గొట్టినదానివి! ఎవరినైనా పక్కన కూచోబెట్టుకుని చెయ్యవే, కొంపలు మునుగుతాయి."