ఇప్పతోపు శాపం

తూర్పు కొండల దిగువన వేణుగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. దాని రాజు రత్నకేతుడికి నలభై స్తంభాల సభామండపం కట్టించాలని కోరిక పుట్టింది. రెండు కొండల అవతల, మూడో కొండ మీద, సవరలనే కొండజాతివాళ్ల ఊరి పక్కన, తరతరాల నాటి ఇప్పతోపు ఉంది. తమ పెద్దల ఆత్మలు ఆ నీడనే ఉంటాయని నమ్మి సవరలు అక్కడ ఎండుపుల్ల కూడా విరిచేవారు కారు. రాజు వాళ్లనొక మాటైనా అడగలేదు. నలభై మంది కట్టెలు కొట్టేవాళ్లను పంపి తోపును నేలమట్టం చేయించాడు.

వాళ్లు ఇళ్లకు తిరిగొచ్చిన మర్నాడే అందరి పాదాలూ కొయ్యగా మారిపోయాయి. ఆ కొయ్యదనం రోజుకు రెండు వేళ్ల మేర పైకి పాకసాగింది. వైద్యులు వచ్చి చూసి, తల దించుకుని వెళ్లిపోయారు.

ఆ నలభై మందిలో ఎర్రన్న ఒకడు. అతనికి తల్లి లేని కూతురు పైడి ఒక్కతే దిక్కు. పదిహేనేళ్ల పిల్ల. తండ్రికి మోకాళ్ల వరకు కొయ్యబారిన రోజున ఆమె అతణ్ణి పొరుగింటివాళ్లకు అప్పగించి, సవరలను క్షమాపణ అడగడానికి కొండదారి పట్టింది.

మొదటి కొండ కనుమలో ఒక ముసలి ఎలుగుబంటి అడ్డు నిలిచి, ఎవరి బిడ్డవని అడిగింది. పైడి భయపడి, తనది వేరే రాజ్యమని చెప్పింది. ఎలుగు పక్కకు తప్పుకుంది. కానీ ఆమె పొద్దంతా నడిచినా దారి తిరిగి ఆ కనుమకే చేరింది. మర్నాడూ అంతే. మూడోనాడు పైడి ఎలుగు ముందు కూర్చుండిపోయింది.

"నాను ఎర్రన్న కూతుర్ని. ఇప్పతోపు కొట్టినోళ్లలో మా అయ్య ఉన్నాడు," అంది.

ఎలుగు వెనక్కి తిరిగింది. ముందు నడిచి దారి చూపింది.

రెండో కొండ కింద వాగు ఉంది. దాని మధ్య బండ మీద ఒక రక్కసి ఒళ్లంతా బొబ్బలతో మూలుగుతోంది. ఒడ్డు చెట్లను కూడా రాజు మనుషులే కొట్టేశారు. నీడన బతికే ఆ ప్రాణికి ఎండ నిప్పులా తగులుతోంది. పైడి నీళ్లలోకి దిగి, పైట రెండు చేతులా పైకెత్తి రక్కసి మొహానికి నీడ పట్టింది. చేతులు లాగేస్తున్నా పొద్దువాలేదాకా దించలేదు. అప్పుడు రక్కసి ఆమెను అరచేతిలో ఎత్తి అవతలి గట్టున దించింది.

మూడో కొండ మీద సవరల పెద్దావిడ సోంబారి అవ్వ ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో చెట్లు గీస్తోంది. పెద్దలకు నీడ పోయింది కనుక, మళ్లీ తోపు లేచేదాకా వాళ్లు ఆ గోడ మీద ఉంటారని చెప్పింది. పైడి ఆమె కాళ్లు పట్టుకుని తండ్రిని బతికించమంది.

"శాపం నాది కాదు బిడ్డా, తీసెయ్యడానికి," అంది అవ్వ. "తోపు నరకమన్నోడు వచ్చి, తన చేత్తో గింజలు పాతాల. మరో దారి నేదు."

పైడి పరుగున వెనక్కి వచ్చేసరికి తండ్రికి రొమ్ము దాకా కొయ్యబారింది. ఆమె ఇంట్లో ఆగకుండా కోటకు వెళ్లి, నిండు సభలో అవ్వ మాట చెప్పింది. భటులు ఆమెను పట్టుకున్నారు. రాజు మాత్రం చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. ఒడిలోంచి పాదాల మీదికి జారిన పట్టుశాలువాను పక్కకు తీశాడు. ఆయన పాదాలు కూడా కొయ్యవే. సిగ్గుతో రెండు రోజులుగా దాచుకున్నాడు.

"నేను నడవలేనమ్మా," అన్నాడు.

"నా భుజం పట్టుకోండి, దొరా," అంది పైడి.

బోయీలు రాజును మేనాలో తోపు అంచుదాకా మోశారు. అక్కడి నుంచి రాజు పైడి భుజం మీద చెయ్యి వేసి మొద్దుల మధ్య ఒక్కొక్క అడుగే వేశాడు. సవరలంతా చూస్తుండగా మోకరించి, తప్పు తనదేనని చెప్పాడు. అవ్వ ఇచ్చిన ఇప్పగింజలను గోళ్లతో మట్టి తవ్వి పాతాడు. నలభయ్యో గింజ పాతేసరికి వేళ్ల నుంచి నెత్తురు కారుతోంది. ఆ నెత్తురుతో పాటే పాదాలకు ప్రాణం వచ్చింది. అదే ఘడియలో కింద ఊళ్లో నలభై మందికీ కొయ్యదనం వదిలింది; ఎర్రన్న గుండెల నిండా ఊపిరి పీల్చి, మంచినీళ్లు అడిగాడు.

సభామండపం కట్టలేదు. ఆ కొండలు సవరలవేనని రాజు శాసనం రాయించాడు. అడవి కావలికి పైడిని అధికారిని చేశాడు. కొన్నాళ్లకు ఆమె తనకు నచ్చినవాణ్ణి పెళ్లాడి, పిల్లాపాపలతో ఆ కొండ కిందే కాపురముంది.

ఎర్రన్న మాత్రం సవరల ఊరి చివర గుడిసె వేసుకుని, ఏళ్ల తరబడి ఆ మొక్కలకు నీళ్లు మోశాడు. తోపు తొలిసారి పూసిన రోజు తెల్లవారగానే, రాలిన పూలు దోసెడు ఏరుకుని సోంబారి అవ్వ దగ్గరికి వెళ్లాడు. ఆమెకు అప్పటికి చూపు మందగించింది. ఒక పువ్వు తీసుకుని నోట్లో వేసుకుంది.

"తియ్యగుంది," అంది. పక్కకు జరిగి, అరుగు మీద అతనికి చోటిచ్చింది.