పొద్దుగూకేలోపు పట్టుకెళ్ళండి

కంచరపాలెంలో కన్నబాబు అద్దెకుండే మేడ ఎక్కితే ఒకవైపు పోర్టు క్రేన్లు, ఇంకోవైపు రైలు యార్డు, దూరంగా సింహాచలం కొండ కనిపిస్తాయి. అక్కడ ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బొగ్గుదుమ్ముతో బూడిదరంగుకి తిరుగుతుంది. అలాంటి మేడ మీద పదిహేడు పావురాల్ని పెంచుతున్నాడతను. పోర్టులో క్రేను నడిపి ఇంటికొస్తే అన్నం కంటే ముందు గూటి దగ్గరికే వెళతాడు. "నువ్వు నన్ను పెళ్ళి సేసుకున్నావా, ఆటినా?" అని పెళ్ళాం నీలిమ దెప్పుతుంది. అతను ఫోను చూసుకుంటాడు.

ఆ ఫోనులో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పేరు 'వైజాగ్ పావురాల బేచ్'. అరవైమంది. సగంమంది మొహాలు సగంమందికి తెలియవు గానీ, ఎవరి పిట్ట ఎన్ని గుడ్లు పెట్టిందో, గూటి కంపు భరించలేక ఎవరి అత్తగారు అలిగి వెళ్ళిపోయిందో అందరికీ తెలుసు. నీళ్ళలో వెల్లుల్లి కలపాలా వద్దా అని మొదలైతే రెండ్రోజులు కొట్టుకుంటారు. గాజువాక చందు తెల్లపిట్ట బొగ్గు వేగన్లో దిగి కాకిలా తిరిగొస్తే, ఆ ఫోటో చూసి వారంపాటు నవ్వుకున్నారు. చందు స్టీలుప్లాంటులో కాంట్రాక్టు వెల్డరు. కన్నబాబుని బావ అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, గ్రూపు చుట్టరికమే.

గ్రూపుకి పెద్దదిక్కు నజీర్ అహ్మద్. పాతపోస్టాఫీసు దగ్గర రబ్బరు స్టాంపులు చేసే చిన్న కొట్టు ఆయనది, ఇల్లు దాని పైనే. గ్రూపులో ప్రతివాడికీ ఒక ముద్ర చేసి ఊరికే ఇచ్చాడు. పావురం రెక్క విప్పితే ఈకల మీద ఊదా సిరాతో యజమాని పేరు, నంబరు కనపడాలి. ఆయన పెట్టిన రూలు కూడా ఒక్కటే. మీ మేడ మీద పరాయి పిట్ట పడితే, రెక్క విప్పి ముద్ర కనపడేలా ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. "ఎవరి పిట్ట? పొద్దుగూకేలోపు పట్టుకెళ్ళండి" అని రాయండి. పొద్దుగూకేలోపు ఎవరూ రాకపోతే, ఆ పిట్ట పట్టినవాడిది.

ఏటా ఏప్రిల్లో ఎగురుడు పోటీ. తెల్లారగానే అందరూ తమ పిట్టల్ని వదులుతారు. ఎక్కువసేపు గాల్లో ఉండి, సొంత మేడ మీద దిగిన పిట్టకి కప్పు. ఆరేళ్ళుగా ఆ కప్పు నజీర్ భాయ్ సుర్మాదే. తెల్లటి ఆడపిట్ట, కళ్ళచుట్టూ కాటుక దిద్దినట్టు నల్లగీత. ఆరేళ్ళుగా కన్నబాబు రెండోవాడు. రెండోవాడి కడుపుమంట మొదటివాడికి ఎప్పుడూ తెలియదు. 'కంగ్రాట్స్ భాయ్' అని పెడుతూనే కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాడు.

ఈ ఏడు పోటీనాడు, సాయంత్రం నాలుగున్నరకి, గద్ద తరిమితే సుర్మా వచ్చి అతని మేడ మీదే పడింది.

దుప్పటి విసిరి పట్టుకున్నాడు. ఫోటో తీద్దామని ఫోను చేతిలోకి తీసుకున్నాడు కూడా. అతని పిట్ట అప్పటికే దిగిపోయింది. సుర్మా ఇల్లు చేరకపోతే ఈసారి తనే మొదటివాడు. ఫోను జేబులో పడేసి సుర్మా కుడిరెక్క విప్పాడు. ముద్ర ఐదు ఈకల మీద ఉంది. ఒక్కొక్కటే పట్టుకుని లాగాడు. లేత ఈకలు, కుదుళ్ళలో నెత్తురుంది. ప్రతి ఈకకీ పిట్ట ఒళ్ళంతా జలదరించింది. "ఈకలే కదే... మళ్ళీ వత్తాయి" అన్నాడు దాంతో. నీలిమ కుట్టుమిషను ఎర్రదారం తెచ్చి రెక్కలు కట్టేసి, గంప కింద దాచాడు.

ఆ సాయంత్రమంతా వాయిస్ మెసేజుల్లో నజీర్ భాయ్ గొంతు వస్తూనే ఉంది. జొన్నల డబ్బా ఊపుతున్న గలగల, రెండు వేళ్ళు నోట్లో పెట్టి వేసే పొడుగాటి ఈల, మధ్యలో మాటలు. "నా సుర్మా ఎవరి మేడ మీదన్నా పడిందా నాయనా? సీకటంటే దానికి బయ్యం." కన్నబాబు విన్నాడు. 'లేదు భాయ్' అని పెట్టాడు.

నజీర్ భాయ్ మేడకి ఒకవైపు పిట్టగోడ లేదు. తల పైకెత్తి ఆకాశం చూస్తూ వెనక్కి వెనక్కి నడిచాడు. పక్కన సగం కట్టిన ఇంటి పునాదిలో నిలబెట్టిన ఊచల మీద తిరగబడి బోర్లా పడ్డాడు. ఒక ఊచ గొంతు కింద దిగి దవడలోంచి పైకి వచ్చింది. ఈల వేస్తున్న రెండు వేళ్ళూ ఇంకా నోట్లోనే ఉన్నాయట.

గ్రూపంతా ఏడ్చింది. కన్నబాబు దండం బొమ్మ పెట్టి, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. పిట్టని ఇచ్చేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాడు. పీకిన రెక్క చూస్తే ఎవరికైనా అర్థమైపోతుంది. ఇయ్యాలా రేపా అని రోజులు దొర్లించాడు. కప్పు మాత్రం టీవీ పక్కన పెట్టుకున్నాడు.

నలభయ్యో రోజు నీలిమ పద్మనాభంలో పుట్టింటికి వెళ్ళింది. మధ్యాహ్నం నజీర్ భాయ్ కూతురు ఫాయిజా గ్రూపులో రాసింది. 'ఇవాళ అబ్బా నలభయ్యో రోజు. ఫాతిహా చదివించిన బిర్యానీ చందు భయ్యా అందరి మేడలకీ తెస్తారు. సుర్మా ఎవరి దగ్గరున్నా ఆయన చేతికి ఇచ్చేయండి. మేం ఏమీ అడగం.'

ఏమీ అడగం. ఆ ఒక్క మాట పట్టుకుని బయటపడొచ్చు. కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కన్నబాబు. చందు వచ్చేలోపు పిట్ట ఉండకూడదు అనుకున్నాడు.

ఐదున్నరకి మేడెక్కాడు. ఉక్కపోత. చిన్న గాలి కూడా లేదు. గంప ఎత్తి సుర్మాని తీశాడు. ఒళ్ళు వెచ్చగా, తేలిగ్గా ఉంది. మెడ పట్టుకుని మెలిపెట్టాడు. కటుక్కుమంది, కానీ చావలేదు. కాటుక కన్ను అతన్నే చూస్తోంది. మళ్ళీ తిప్పాడు. ఇంకోసారి... తల అతని చేతిలోకి ఊడి వచ్చింది. నెత్తురు మోచేతి దాకా చిమ్మింది. రెండు ముక్కల్నీ సంచిలో కుక్కి, కింద యార్డులో కదులుతున్న బొగ్గు వేగన్లోకి విసిరాడు. రైలు పోయింది. హమ్మయ్య అనుకుని కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు.

గల... గల... గల...

జొన్నల డబ్బా.

తన డబ్బా గూటి మీదే ఉంది, కదలడం లేదు. ఊదా సిరా వాసన వచ్చింది, రబ్బరు కాలిన వాసన వచ్చింది. పదిహేడు పావురాలూ గూట్లోంచి బయటికొచ్చి, పిట్టగోడ మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ కూయడం లేదు. అన్నీ నీళ్ళ ట్యాంకు వైపే చూస్తున్నాయి.

ట్యాంకు నీడలో ఒక మనిషి.

లుంగీ, తెల్ల బనీను. మొహం ఆకాశం వైపు ఎత్తి ఉంది. కిందికి దించడం లేదు... దించలేడు. ఈల వినిపించింది. అది నోట్లోంచి రావడం లేదు. గొంతు కింద ఉన్న కన్నంలోంచి వస్తోంది.

కన్నబాబు మెట్ల వైపు పరిగెత్తాడు. కాళ్ళు ముందుకి పోలేదు. ఏదో ఒంటికి చుట్టుకుంది. సన్నగా... ఎర్రగా... కుట్టుమిషను దారం. లాగినకొద్దీ చర్మంలోకి దిగింది, చొక్కా కోసింది, కండ కోసింది. ఎడమచెయ్యి పక్కటెముకలకి అంటుకుపోయింది. బోర్లా పడ్డాడు. జేబులోంచి జారిన ఫోను మొహం ముందే పడింది.

చల్లటి వేళ్ళు అతని కుడి అరచేతిని విప్పాయి. మెల్లగా, పిట్ట రెక్క విప్పినంత నేర్పుగా.

"భాయ్... తప్పయిపోనాది భాయ్..."

"నొప్పి తియ్యదులే నాయనా." గుసగుస పైనుంచి వచ్చింది, తడిగా, గాలి కలిసిన గొంతుతో. "గోళ్ళే కదా... మళ్ళీ వత్తాయి."

మొదటిది చిటికెనవేలు. గోరు కుదుళ్ళతో సహా పైకి లేచింది. కన్నబాబు అరిచాడు. యార్డులో ఇంజను కూత ఆ అరుపుని మింగేసింది. రెండోది. నాపరాయి మీద నెత్తురు చుక్కలు చుక్కలుగా పడుతోంది. మూడోది సగంలో విరిగితే మళ్ళీ పట్టుకుని లాగింది ఆ చెయ్యి. నాలుగోదానికి గొంతు పోయింది. బొటనవేలి గోరు ఊడేసరికి బట్టల్లోనే ఉచ్చ పోసుకున్నాడు.

తర్వాత అరచేతిలో చల్లగా, మెత్తగా ఏదో ఆనింది. రబ్బరు ముద్ర.

ఫోను వెలిగింది.

గ్రూపులో ఫోటో. విప్పిన అరచెయ్యి, గోళ్ళు లేని ఐదు వేళ్ళు, మధ్యలో నెత్తురుతో అలుక్కుపోయిన ఊదారంగు ముద్ర. నజీర్ భాయ్ నంబరు నుంచి. కింద ఒకే వాక్యం.

'ఎవరి పిట్ట? పొద్దుగూకేలోపు పట్టుకెళ్ళండి.'

నంబరు చూసుకోకుండానే ఎవడో నవ్వు బొమ్మ పెట్టాడు. 'మేకప్ అదిరింది, ఎవరిదిది?' అన్నాడు వీరేంద్ర. 'ముందు ఆ పిట్టకి వెల్లుల్లి నీళ్ళు పట్టండి' అన్నాడు దేవీప్రసాద్. ఇంకో నాలుగు నవ్వు బొమ్మలు. కన్నబాబు నాలుకతో తెరని తాకాలని మెడ చాచాడు. బెత్తెడు దూరం. దారం గొంతులోకి దిగింది.

'నాదని ఒక్కడు రాయండ్రా...' అనుకున్నాడు. మాట బయటికి రాలేదు.

అప్పుడు ఫాయిజా రాసింది. 'అబ్బా ఫోను బీరువాలో ఉంది. స్విచ్చాఫ్ అయి ఉంది. ఇప్పుడే తీసి చూశాను.'

నవ్వులు ఆగిపోయాయి.

'మణికట్టు మీద నీలిమ అని పచ్చబొట్టు సూడండి. అది కన్నబాబు బావ సెయ్యి!' చందు. 'ఆ పిట్ట నాది. నాను వత్తన్నాను. ఎవులూ ముట్టుకోకండి.'

కన్నబాబుకి ఏడుపొచ్చింది. సింహాచలం కొండ మీద ఇంకా వేలెడు పొద్దుంది. పక్కన ఆ మనిషి గొంతుక్కూర్చున్నాడు. మొహం పైకే ఉంది. ఒక చేత్తో కన్నబాబు వీపు నిమురుతున్నాడు, కొత్త పిట్టని మచ్చిక చేసుకుంటున్నట్టు.

'జ్ఞానాపురం కాడ లారీ అడ్డం పడిపోనాది. బండి ఒగ్గీసి పరిగెడతన్నాను.'

పొద్దు సగమైంది... గీత అయింది...

'బావా, సందు మొదట్లో ఉన్నాను.'

కొండ మీద ఎరుపు ఆరిపోయింది.

వీపు నిమురుతున్న చెయ్యి ఆగింది. దారం తెగిన చప్పుడు.

"ఇక ఇంటికి పోదాం నాయనా."

చందు మెట్లెక్కి వచ్చేసరికి ఇంకా మసక వెలుతురుంది. మేడ మీద ఎవరూ లేరు. నాపరాళ్ళ మీద ఐదు గోళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. దారం ముక్కలున్నాయి. పిట్టగోడ మీదికి నెత్తురు పాదం అచ్చు ఒకటి ఎక్కింది, దిగలేదు. కిందికి తొంగి చూశాడు. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. ఎవరూ పడలేదు. పదిహేడు పావురాలూ పాతపోస్టాఫీసు వైపు తిరిగి కూర్చున్నాయి.

అతని చేతిలో బిర్యానీ పొట్లం ఇంకా వేడిగానే ఉంది. ఫోను మోగింది. ఫాయిజా వాయిస్ మెసేజ్. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"చందు భయ్యా... అబ్బా గూటికి నలభై రోజులుగా తాళం వేసే ఉంది. పిట్టలన్నీ ఇచ్చేశాం కదా... ఇప్పుడు లోపల ఏదో కూస్తోంది. పెద్దది భయ్యా. గూడంతా ఊగుతోంది. రెక్కలు కొట్టుకుంటున్నట్టుంది, కానీ... ఈకల చప్పుడు కాదు. తాళం తియ్యనా?"

చందు ఆ మెసేజ్ మళ్ళీ పెట్టుకుని విన్నాడు. ఆమె మాటల వెనక ఎవరో తాపీగా జొన్నల డబ్బా ఊపుతున్నారు.